చెరిపే పని ఎవరిది?

(ఒడిశాలోని, ఆంధ్ర సరిహద్దు ఊరైన పర్లాకిమిడిలో జరిగిన ఒక సాహిత్య సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఆదివారం మధ్యాహ్నపు కునుకు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. కార్యదర్శిగారు నాకు ఇచ్చిన అంశం సాంకేతికత, ప్రభుత్వ నిఘా. నేను న్యాయవాదిని కాను, పాత్రికేయుణ్ణి కాను. ఈ ఊళ్ళోనే పుట్టి, ఇక్కడే చదివి, ఆ తరువాత ఇరవై రెండేళ్ళు విశాఖపట్నంలోను హైదరాబాదులోను సాఫ్ట్‌వేర్ పనిచేసి, ఈమధ్యనే ఇంటికి చేరినవాణ్ణి. రాసుకొచ్చినది చదువుతున్నాను కనుక నా భాష కొంచెం బిగుసుకుని ఉంటుంది. గిడుగు రామమూర్తిగారు పంతులుగా పనిచేసిన ఊళ్ళో అలా మాట్లాడడం అపరాధమే, మన్నించండి.

నిఘా అనగానే అందరం అడిగే ప్రశ్న, మనల్ని ఎవరు చూస్తున్నారన్నది. అడగవలసిన ప్రశ్నే. అయితే నా వృత్తిలో కూర్చుని చూసినవాడికి దానికంటె ముందు తగిలే ప్రశ్న మరొకటి ఉంది: చూసి రాసిపెట్టుకున్నదాన్ని పని తీరిన తరువాత చెరపవలసింది ఎవరు? మా పనిలో చేయవలసిన ఒక్కొక్క పనినీ టికెట్ అంటారు. ఫలానా వివరాన్ని కొత్తగా చేర్చండి, ఫలానా రెండు జాబితాలను కలపండి, ఫలానా అధికారికి కూడా కనిపించేటట్టు చేయండి అంటూ నాకు వచ్చిన టికెట్లు వేలల్లో ఉంటాయి. ఫలానాది ఇక అక్కరలేదు, చెరిపేయండి అని వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, అదీ ఒక చేతి వేళ్ళ మీద.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి పుట్టలేదు. మా నాన్నగారు పోయిన ఏడాదికి ఆయన ఫోనుకు ఒక పథకం తాలూకు సందేశాలు వస్తున్నాయని అమ్మ నాకు ఫోన్ చేసింది. "ఒరే, మీ నాన్నకి మళ్ళీ మెసేజొచ్చిందిరా, ఏటో కేవైసీ చేయించుకోమంటన్నారు, ఆయనెలా చేయిస్తార్రా ఇప్పుడు?" అంది. ఆ మాట నవ్వుతూనే అంది గాని, మూడోసారికి ఆ నవ్వు లేదు. నేను సెలవు పెట్టి వచ్చి, మరణ ధ్రువపత్రం పట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి గుమాస్తా మంచివాడు. కంప్యూటర్ తెరను నావైపు తిప్పి, "మీరే చూడండి సార్, తీసేసే ఆప్షన్ లేదు" అన్నాడు. నిజంగానే లేదు. నాన్నగారి పేరు, తాతగారి పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, వాటి కింద మూడు బటన్లు ఉన్నాయి: భద్రపరచు, సవరించు, వెనక్కు. పక్కన స్థితి అని ఒక గడి, దాన్ని నొక్కితే మూడు మాటలు జారాయి: యాక్టివ్, ఇనాక్టివ్, పెండింగ్. మరణించారు అన్న మాట ఆ జాబితాలో లేదు. ఇద్దరమూ కాసేపు ఆలోచించి ఇనాక్టివ్ అన్నదాన్ని ఎంచుకున్నాం. మరుసటి నెల నాన్నగారికి మరొక సందేశం వచ్చింది, మీ ఖాతా నిష్క్రియంగా ఉన్నది, దగ్గరలోని కేంద్రానికి స్వయంగా వచ్చి పునరుద్ధరించుకోండి అని.

ఆ గుమాస్తాను నేను ఒక్క మాట అనలేదు. ఎందుకంటే ఆ తెరను తయారుచేసినవాడు నాలాంటివాడేనని నాకు తెలుసు. అలాంటి తెరలు నేను ఎన్నో తయారుచేశాను. వాటిలోనూ ఆ నాలుగో బటన్ లేదు.

అది ఎందుకు ఉండదో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నిఘా గురించిన అసలు సంగతి చాలావరకు ఇక్కడే ఉంది. డేటాబేసులో ఒక మనిషి వివరాలు ఒక వరుసగా ఉంటాయి. ఆ వరుసను పట్టుకుని వేరే పట్టికల్లో మరికొన్ని వందల వరుసలు వేలాడుతుంటాయి: ఆయన తీసుకున్న బియ్యం, ఆయన ఖాతాలో పడిన డబ్బు, ఆయన పెట్టుకున్న అర్జీ, దాన్ని తిరస్కరించిన అధికారి పేరు. మొదటి వరుసను పీకేస్తే మిగిలినవన్నీ దిక్కులేనివవుతాయి, నెలాఖరు మొత్తాలు కుదరవు, ఆడిట్‌వాళ్ళు వచ్చి కూర్చుంటారు. అందుచేత మేం ఒక ఉపాయం చేస్తాం. వరుసను కదపకుండా, దాని చివర తొలగింపు అనే ఒక కాలమ్ పెట్టి, అందులో సున్నా ఉన్నచోట ఒకటి వేస్తాం. తెర మీద ఆ మనిషి మాయమవుతాడు. లోపల, పుట్టుమచ్చలతో సహా, ఉన్నవాడు ఉన్నట్టే ఉంటాడు. గ్రంథాలయంలో జాబితా కార్డును చించేసి పుస్తకాన్ని బీరువాలోనే ఉంచేసినట్టన్నమాట. కంప్యూటర్ డిస్కు కూడా సాధారణంగా ఇదే పద్ధతి పాటిస్తుంది. మీరు ఫైలును చెరిపినప్పుడు పోయేది దాని చిరునామా మాత్రమే, ఆ చోట కొత్తదేదైనా వచ్చి కూర్చునేదాకా పాతది అక్కడే ఉంటుంది.

ఇది ఒక్క ప్రతి సంగతి. రాత్రి రెండు గంటలకు తీసే బ్యాకప్‌లో మరొక ప్రతి ఉంటుంది. పరీక్షల కోసమని అసలు డేటాబేసునే దింపుకుని, నిన్నగాక మొన్న చేరిన కుర్రవాడి ల్యాప్‌టాప్‌లో పెట్టిన ప్రతి ఉంటుంది. పై అధికారి అడిగారని ఎక్సెల్‌లోకి మార్చి మెయిల్ చేసిన ప్రతి ఉంటుంది, అది ఎవరెవరి ఇన్‌బాక్సుల్లో ఉన్నదో పంపినవాడికి కూడా గుర్తుండదు. నిజంగా చెరపాలంటే వీటన్నిటినీ వెతికి పట్టుకోవాలి. అది పెద్ద పని, ఎవరూ డబ్బివ్వని పని, పైగా ప్రమాదంతో కూడిన పని. ఎక్కువ దాచినందుకు మా వృత్తిలో ఎవరి ఉద్యోగమూ పోగా నేను చూడలేదు, పొరపాటున చెరిపినందుకు పోవడం చూశాను. చేర్చినవాడికి మెప్పు, చెరిపినవాడికి ముప్పు.

ఇక్కడ మీరు నన్ను ఆపి అడగవచ్చు: మరి బతికున్న ముసలమ్మలను చనిపోయినట్టు చూపించి పింఛను ఆపేసిన వార్తలు పత్రికల్లో వస్తూనే ఉంటాయి కదా, ఆ బటన్ ఎక్కడి నుంచి వచ్చిందని. మంచి ప్రశ్న. ఖర్చు తగ్గేచోట బటన్ ఉంటుంది. అక్కడ కూడా చెరిగిపోయేది ఆమె పింఛనే, ఆమె వివరాలు కావు.

సమాచారాన్ని పోగుచేసేవారు ఉండి, చెరిపేవారు లేకపోవడానికి మన దేశంలో పాత చరిత్రే ఉంది, అదీ కంప్యూటర్లు లేని కాలం నుంచి. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. వేలిముద్రలు తీసుకోవడం సులువే, తీసుకున్నవాటిలో ఒకదాన్ని వెతికి పట్టుకోవడమే కష్టం. లక్ష కాగితాలున్నప్పుడు ఒక దొంగ ముద్రను ఏ కట్టలో వెతకాలి? ఈ చిక్కును విప్పినవారు బెంగాల్ పోలీసుశాఖలో పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు. మన పెద్దవాళ్ళు వేళ్ళ మీద శంఖాలు, చక్రాలు లెక్కపెట్టి జాతకం చెప్పినట్టే, వారు పది వేళ్ళనూ ఐదు జతలు చేసి, ఏ జతలో ఏ వేలి మీద చక్రం ఉంటే దానికి పదహారు, ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి చొప్పున విలువలిచ్చి, ఏ మనిషి కాగితాన్నయినా 1,024 గూళ్ళలో ఏదో ఒక గూటికి చేర్చే లెక్క కట్టారు. నేటి కుర్రకారుకు అది వెంటనే అర్థమవుతుంది, అది కంప్యూటర్లు వాడే అచ్చమైన ద్విసంఖ్యామానం. పద్ధతికి మాత్రం వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరే స్థిరపడింది. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసినవారికి ఇందులో వింతేమీ కనిపించదు.

ఆ గూళ్ళలోకి ఎవరెవరిని చేర్చారన్నది ఇంకొక కథ. నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికి కూడా విస్తరించింది. అప్పటికి మన గంజాం జిల్లా, ఈ పర్లాకిమిడి, అన్నీ మద్రాసు రాష్ట్రంలోనివే. ఒరిస్సా 1936 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఆ చట్టం కింద ఒక మనిషి ఏ తప్పూ చేయనక్కరలేదు, ఫలానా కులంలో పుడితే చాలు, రిజిస్టరులో పేరెక్కుతుంది, వేళ్ళకు సిరా పూస్తారు, ఊరు దాటితే చెప్పి వెళ్ళాలి. గుంటూరు ప్రాంతంలో ఎరుకలవారిని తెచ్చి పెట్టిన స్టువర్టుపురం సెటిల్‌మెంటు 1913 నాటిది. ఆ చట్టాన్ని స్వతంత్ర భారతదేశం 1952 ఆగస్టు 31న రద్దు చేసింది. చట్టం రద్దయింది గాని, అలవాటుపడ్డ నేరస్థులు అన్న కొత్త పేరుతో వేరే చట్టాలు వచ్చాయి, పోలీసు దఫ్తరాల్లో పాత పేర్లు కొత్త పుస్తకాల్లోకి ఎక్కాయి. స్టువర్టుపురం నుంచి వచ్చానని చెప్పుకోవడానికి అక్కడి చదువుకున్న పిల్లలు ఎంతకాలం జంకారో తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు.

మరొక ఉదాహరణ చెబుతాను, ఇది నాకు అన్నిటికంటె ఇష్టమైనది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయనను 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకున్నారు, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశారు గాని, ఆయన పేరున హిస్టరీ షీట్ తెరిచారు. ఆ కాగితం ఉన్నది కనుక చౌకీదారూ పోలీసులూ వేళగాని వేళ వచ్చి తలుపు తట్టేవారు, ఊరికి వెళితే ఎక్కడికి వెళ్ళాడని ఆ ఊరికి వెంట కబురు పంపేవారు. కోర్టు తప్పుపట్టని మనిషిని ఒక కాగితం ఇరవై ఏళ్ళు వెంటాడింది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాత్రిపూట ఇంటి మీదికి వెళ్ళడం మాత్రం చెల్లదన్నది, గోప్యత అనేది రాజ్యాంగంలో హామీ ఇచ్చిన హక్కు కాదన్నది. అందులో ఇద్దరు ఒప్పుకోలేదు. ఆ భిన్నాభిప్రాయాన్ని రాసిన న్యాయమూర్తి మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారు, షాగారు ఆయనతో ఏకీభవించారు. వెంట కళ్ళున్నాయని తెలిసిన మనిషి నడుస్తున్నా అది స్వేచ్ఛగా నడవడం కాదని, ఆ నిఘాకు వీలిచ్చిన పోలీసు నిబంధన మొత్తాన్నీ కొట్టివేయాలని సుబ్బారావుగారి వాదనలోని సారం. అది అల్పసంఖ్యాక తీర్పు, అప్పటికి చెల్లలేదు.

యాభై అయిదేళ్ళు గడిచాక, ఆధార్‌ను ప్రశ్నిస్తూ విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామిగారు వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. సుబ్బారావుగారు చెప్పినదే సరైనదని ఆ తీర్పు తేల్చింది. అప్పటికి ఆయన పోయి నలభై ఏళ్ళు దాటింది. ఆయన ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి 1967లో రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారని మనలో పెద్దవారికి గుర్తే. ఆ ఏడాదే ఉపరాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారు మన బరంపురం మనిషి. ఈ ప్రాంతాల్లో కూర్చుని ఢిల్లీ సంగతులు మనకెందుకనుకుంటాం గాని, ఆ సంగతుల్లో మనవాళ్ళ చేతిరాత కాస్తో కూస్తో ఉంది.

ఇప్పటి సంగతికి వస్తాను. మన మహేంద్రతనయ ఏటి ఒడ్డున నిలబడి జేబులోంచి ఫోన్ తీసి చూసుకుంటే, ఆ పూట ఏ టవర్ గట్టిగా అందితే ఆ రాష్ట్రంలో ఉంటాం. పాతపట్నం సంతకు వెళ్ళివచ్చిన మా అమ్మ ఆంధ్రప్రదేశ్‌కు స్వాగతమన్న సందేశాన్ని చూసి, "మనూరు దాటి గట్టిగా గంట కాలేదు, అప్పుడే స్వాగతాలేటి?" అంటుంది. తమాషాగానే ఉంటుంది. అయితే ఆ స్వాగతం పంపాలంటే ఆమె ఏ నిమిషంలో ఏ టవర్ కిందికి వచ్చిందో కంపెనీ యంత్రానికి తెలిసి ఉండాలి. ఎవరు ఎవరితో, ఎన్ని గంటలకు, ఎంతసేపు, ఏ టవర్ కింద నుంచి మాట్లాడారన్న వివరాలను కంపెనీలు దాచిపెడతాయి. ఏం మాట్లాడారన్నది అందులో ఉండదు. ఉండనక్కరలేదు కూడా, ఒక మనిషి నెలకు రెండుసార్లు క్యాన్సర్ వైద్యుడికి ఫోన్ చేసి, వెంటనే అన్నగారికి చేస్తున్నాడంటే వాళ్ళు మాట్లాడుకున్నదేమిటో ఊహించడానికి పోలీసు బుర్రే అక్కరలేదు. ఈ వివరాలను కనీసం ఒక ఏడాది ఉంచాలన్నది మునుపటి నిబంధన. 2021 డిసెంబరులో దాన్ని రెండేళ్ళు చేశారు. కనీసం అన్న మాటను గమనించండి. ఇన్నాళ్ళకు మించి ఉంచరాదు అన్న గరిష్ఠ గడువు అంత గట్టిగా అక్కడ వినిపించదు.

ఒక చిన్న పక్కమాట. కొరాపుట్ జిల్లాలోని కొటియా పల్లెల సంగతి మీకు తెలుసు. ఇరవై ఒక్క పల్లెల మీద ఒడిశా, ఆంధ్ర రెండూ హక్కు చెప్పుకుంటున్నాయి, అక్కడివారిలో పలువురికి రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. జాబితాలు కలిపే సాఫ్ట్‌వేర్‌కు వీరు నకిలీలుగా కనిపిస్తారు. కొండ మీద ఎవరు రోడ్డు వేస్తారా అని రెండు వైపులా చేయి చాపిన మనిషిని యంత్రం ఒక్క నిమిషంలో దొంగను చేస్తుంది. రెండు వరుసలెందుకున్నాయో రాసే కాలమ్ ఆ పట్టికలో ఉండదు.

చట్టాలు చెరపడం గురించి అసలు మాట్లాడలేదని నేననను. ఫోన్ల ట్యాపింగ్‌కు ఆధారంగా ఉంటూ వచ్చింది 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. దానికి కళ్ళెం వేస్తూ 1996లో సుప్రీంకోర్టు, ట్యాపింగ్ ఉత్తర్వు హోంశాఖ కార్యదర్శి ఇవ్వాలని, రెండు నెలలకోసారి సమీక్షించాలని, ఆరు నెలలకు మించరాదని, అవసరం తీరిన ప్రతులను ధ్వంసం చేయాలని చెప్పింది. 2018 ఆధార్ తీర్పులో, ఎవరు ఎప్పుడు వేలు పెట్టారన్న లావాదేవీల వివరాలను ఐదేళ్ళపాటు దాచే నిబంధనను కొట్టివేసి, ఆరు నెలలు చాలన్నది. మా వృత్తివాడిగా ఆ తీర్పులో నాకు అన్నిటికంటె నచ్చిన చోటు అదే, ఎందుకంటే గోప్యత అనే పెద్ద మాటను నేను రాయగలిగిన ఒక చిన్న ప్రోగ్రాముగా మార్చింది: ఆరు నెలలు దాటినదాన్ని తీసెయ్.

ఆ తరువాత 2023 ఆగస్టులో వ్యక్తిగత డిజిటల్ సమాచార పరిరక్షణ చట్టం వచ్చింది. పని తీరాక సమాచారాన్ని చెరిపేయాలని ఎనిమిదో సెక్షన్ కంపెనీలకు చెబుతుంది. నా వివరాలు చెరిపేయండని అడిగే హక్కును పన్నెండో సెక్షన్ మనకిస్తుంది. చదువుతూ నేను సంతోషించాను. పదిహేడో సెక్షన్‌కు వచ్చేసరికి నాలుగో ఉపవిభాగంలో, ఈ రెండూ ప్రభుత్వానికీ ప్రభుత్వ సంస్థలకూ వర్తించవని ఉంది. చెప్పుల దుకాణంవాడు నా ఫోన్ నంబరు చెరిపేయాలి. నా పదివేళ్ళూ, రెండు కళ్ళూ, ఇంటిల్లిపాదీ వివరాలూ తీసుకున్న ప్రభుత్వం చెరపనక్కరలేదు. దేశభద్రతకు సంబంధించిన శాఖలకు మినహాయింపు ఇస్తే దాని మీద వాదించవచ్చు, ఒప్పుకోవచ్చు. ఈ మినహాయింపు బియ్యం కార్డుకు, బడి రిజిస్టరుకు, పశువుల బీమాకు కూడా వర్తిస్తుంది. నాన్నగారి తెర మీద నాలుగో బటన్ ఎందుకు లేదో అంతవరకు నేను మా బద్ధకానికే చెల్లు రాసేవాణ్ణి. ఇప్పుడు దానికి చట్టం అండ కూడా దొరికింది.

మల్కనగిరి, కొరాపుట్ అడవుల పక్కన బతికే మనం పోలీసులకు నిఘా వద్దని అనలేం, నేను అనడమూ లేదు. మందుపాతర పెట్టేవాడి ఫోన్ వినవలసిందే. మరొకవైపు, చెరపడం ఎప్పుడూ మంచిదే అనుకుంటే అది కూడా తెలివితక్కువే. 2024 మార్చిలో హైదరాబాదులో ఫోన్ల ట్యాపింగ్ కేసు బయటపడింది. అక్రమంగా వినడమే కాకుండా, ఆ విన్న ఆధారాలున్న హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారన్నది అందులోని ప్రధాన ఆరోపణ. అది రుజువవుతుందో లేదో న్యాయస్థానం తేలుస్తుంది, ఇక్కడ నా తీర్పు అక్కరలేదు. గ్రీసు దేశంలో ఇలాంటిదే 2005లో కంపెనీ కంటబడి, 2006లో బయటికొచ్చింది. అక్కడ ఒక మొబైల్ కంపెనీ ఎక్స్‌ఛేంజీలో, పోలీసుల కోసమని తయారీదారు ముందే పెట్టి ఉంచిన ట్యాపింగ్ ఏర్పాటును ఎవరో దొంగతనంగా తెరిచి, ప్రధానమంత్రితో సహా దాదాపు వందమంది ఫోన్లు నెలల తరబడి విన్నారు. తీరా విచారణ మొదలయ్యేసరికి, ఎవరు చేశారో చెప్పగల లాగ్‌లు, అంటే యంత్రం తనలో జరిగినదాన్ని రాసుకునే చిట్టాలు, మిగల్లేదు, దొంగ ప్రోగ్రామును కంపెనీవాళ్ళే తొందరపడి తీసేశారు. పోలీసు కోసం పెట్టిన దొడ్డితలుపు దొంగకూ తలుపేనని ఆ కేసు అందరికీ చూపించింది, నాకు మాత్రం ఆ లాగ్‌ల సంగతే ఎక్కువ గుర్తుండిపోయింది.

అంటే పుస్తకాలు రెండున్నాయి. మనల్ని చూసి రాసిన పుస్తకం ఒకటి. ఎవరు, ఎవరి ఉత్తర్వుతో, ఎన్నిసార్లు చూశారో రాసే పుస్తకం మరొకటి. మొదటిది గడువు ప్రకారం చెరగాలి, రెండోది చెరగకూడదు. మన దగ్గర ఇవి తారుమారుగా ఉన్నాయి. ట్యాపింగ్ ఉత్తర్వుల కాగితాలను ఆరు నెలలకోసారి ధ్వంసం చేయాలని నిబంధనల్లోనే ఉంది. రాసినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు, ఒక మనిషిని అనుమానించారన్న మాట ఎక్కడా మిగలకూడదని కావచ్చు. ఫలితం మాత్రం, నా ఫోన్ విన్నారా అని పదేళ్ళ తరువాత అడిగినవాడికి చూపించడానికి ఏమీ ఉండదు, విన్నది మాత్రం ఎవరి పెన్ డ్రైవ్‌లోనైనా ఉండవచ్చు.

పని చేసేవారి గురించి రెండు మాటలు. 2013 జూన్‌లో అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ మంత్రీ కాడు, సైనికాధికారీ కాడు. ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున సర్వర్లు చూసుకునే మనిషి, అంటే మా కులంవాడే. ఆ దేశంలో కోట్లమంది ఫోన్ కాల్స్ వివరాలను అప్పట్లో ఐదేళ్ళు దాచేవారు. 2018లో గూగుల్‌లో, సైన్యపు డ్రోన్ వీడియోలను యంత్రంతో చదివించే పని మాకొద్దంటూ 3,000 మందికి పైగా ఉద్యోగులు సంతకాలు చేస్తే, ఆ కంపెనీ ఆ ఒప్పందాన్ని పొడిగించలేదు. ఈ రెండు కథలూ చెప్పి మీరెందుకు అలా చేయరని నన్ను కుర్రవాళ్ళు అడుగుతుంటారు. ఇంటి అప్పు వాయిదాలు కట్టుకుంటూ, ప్రాజెక్టు అయిపోతే పనివ్వకుండా బెంచి మీద కూర్చోబెడతారని భయపడే మనిషికి స్నోడెన్‌ను ఆదర్శంగా చూపడం నాకు సబబు అనిపించదు. పైగా ఆ మనిషి మీదనే నిఘా ఉంటుంది. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో మా ల్యాప్‌టాప్‌లో ఒక సాఫ్ట్‌వేర్ పెట్టారు, మౌస్ కదలకపోతే ఐదు నిమిషాలకు మా పేరు పక్కన పసుపు చుక్క పడేది. మా జట్టులో ఒకాయన మౌస్‌ను తిరిగే టేబుల్ ఫ్యాన్‌కు దారంతో కట్టి భోజనానికి వెళ్ళేవాడు. దేశం మొత్తాన్ని పట్టికల్లో పెట్టే ఇంజనీరు స్థితి అది.

నేను చేయగలిగిందని అనుకున్నది చాలా చిన్నది. ఎవరైనా కొత్త కాలమ్ అడిగినప్పుడు, ఇది ఎన్నాళ్ళు ఉండాలి అని తిరిగి అడగడం. ఆ తేదీ ముందే తెలిస్తే చెరపడం మాకు కష్టమేమీ కాదు. నెలకొక సంచిలో వేసినట్టు వివరాలను నెలవారీగా విడిగా దాస్తే, గడువు తీరిన సంచిని ఒక్క ఆదేశంతో పారేయవచ్చు. బ్యాకప్‌ల బెడద ఉన్నచోట ఒక్కొక్క మనిషి వివరాలకు ఒక్కొక్క తాళం వేసి దాచి, చెరపవలసి వచ్చినప్పుడు ఆ తాళంచెవిని నాశనం చేస్తే, ప్రతులు ఎన్ని ఎక్కడున్నా అవి చదవడానికి వీల్లేని గీతలుగా మిగులుతాయి. ఇవన్నీ మా వృత్తిలో తెలిసిన పద్ధతులే.

నా చివరి ఉద్యోగంలో, ఒక రాష్ట్రం తాలూకు సర్వే పట్టికలో ఇంటి ముందు నిలబడిన సర్వేవాడి ఫోన్ నుంచి అక్షాంశం, రేఖాంశం తీసుకునే రెండు కాలమ్‌లు చేర్చింది నేనే. ఎవరూ ప్రత్యేకంగా అడగలేదు, మ్యాపు ఉచితంగా వస్తున్నది, పెడితే బాగుంటుందన్నారు, పెట్టాను. సర్వే ముగిసింది. నాన్నగారి సంగతి జరిగిన తరువాత నాకు ఆ రెండు కాలమ్‌లు గుర్తుకొచ్చి, వాటిని ఖాళీ చేద్దామని ఒక టికెట్ నేనే రాసి పెట్టాను. దాని మీద మూడు సమావేశాలు జరిగాయి. మొదటిదానిలో, మంచి ఆలోచన, క్లయింటును అడుగుదామన్నారు. రెండోదానిలో, క్లయింటు ఏమీ అనలేదు కనుక ఉంచేద్దామన్నారు. మూడోదానిలో, చెరిపిన తరువాత వాళ్ళు అడిగితే ఎవరు జవాబు చెబుతారని అడిగారు, నేను చెబుతానన్నాను, నీ స్థాయిలో అది కుదరదన్నారు. టికెట్‌ను పెండింగ్‌లో పెట్టారు. నేను ఆ సంస్థను వదిలేనాటికి అది అలాగే ఉంది, నేను ఎక్కించిన కొన్ని లక్షల ఇళ్ళ గుమ్మాలూ అలాగే ఉన్నాయి. నేను మానేసిన రోజు సాయంత్రం ఆరు గంటలయ్యేసరికి నా లాగిన్‌ను మాత్రం, మెయిల్‌తో సహా, శుభ్రంగా చెరిపేశారు.